చక్రాన్ని ఎత్తకుండా స్టెప్నీ మార్చడం: రొయ్యల గుంటల దగ్గర ఒక కేసు

కావలి ప్రాంతంలో హైవే పక్కన టైర్లు, వీల్ అలైన్‌మెంట్ షాపు నడుపుతుంటాను. బరువైన కారు చక్రం మార్చడం కష్టంగా ఉందని వచ్చేవాళ్లలో ఎక్కువమంది మంచి జాకీ ఏదనో, పెద్ద స్పానర్ ఎక్కడ దొరుకుతుందనో అడుగుతారు. నా అనుభవంలో అసలు కష్టం ఆ రెండింటి దగ్గరా లేదు. చక్రాన్ని హబ్ (ఇరుసు చివర చక్రం బిగించే భాగం) ఎత్తుకి లేపి, అక్కడే గాల్లో పట్టుకుని, రంధ్రాలు కలిపి మొదటి బోల్టు ఎక్కించే ఆ ఒక్క నిమిషంలోనే ఉంది. నడుం పట్టేసేదీ, వేళ్లు నలిగేదీ, బోల్టు మర చెడేదీ అప్పుడే. ఆ నిమిషాన్ని లేకుండా చేయడానికి ఒక కస్టమర్ కోసం మేం చేసిన పని ఇక్కడ రాస్తున్నా. రాయడానికి ఆమె ఒప్పుకున్నారు. పేరు, ఊరు, కారు మోడల్ మాత్రం వద్దన్నారు కాబట్టి అవి లేవు. కొలతలు, బరువులు ఉన్నవి ఉన్నట్టే రాశాను.

ఎవరు, ఏ కారు, ఎందుకు

ఆమెకి యాభై దాటాయి. బకింగ్‌హామ్ కాలువ దాటాక సముద్రం వైపు రొయ్యల గుంటలున్నాయి, వనామీ రకం రొయ్యలు వేస్తారు. మేత, కరెంటు, కూలీలు, పట్టుబడి అన్నీ ఆమే చూసుకుంటారు. నడుముకి డిస్క్ ఆపరేషన్ అయింది. పది కిలోలకి మించి ఎత్తొద్దని, ముందుకి వంగి పక్కకి తిరగొద్దని డాక్టర్ గట్టిగా చెప్పారు. కారు చెన్నైలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న యూరప్ కంపెనీ ఎస్‌యూవీ, అల్లాయ్ చక్రాలు. స్టెప్నీ కూడా అదే సైజు. మా కాటా మీద పెడితే గాలితో సహా 24 కిలోలు దాటింది.

ఈ 24 అనే అంకె గురించి ఒక మాట చెప్పాలి. పనిచేసేవాళ్ల ఆరోగ్యం మీద పరిశోధన చేసే నియోష్ అని అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి ఉంది. బరువులెత్తే పనికి వాళ్లు ఇచ్చిన లెక్క 23 కిలోల దగ్గర మొదలవుతుంది. అదీ ఆరోగ్యంగా ఉన్న మనిషికి, బరువు ఒంటికి ఆనుకుని ఉండి, నడుం ఎత్తులో ఉండి, పట్టు బాగా దొరికి, ఒళ్లు తిప్పే పని లేనప్పుడు. వీటిలో ఒక్కటి తగ్గినా అంకె కిందికి దిగుతుంది. కారు పక్కన గొంతుక్కూర్చుని చేతులు చాచి చక్రం ఎత్తేటప్పుడు వీటిలో ఏ ఒక్కటీ ఉండదు. అంటే ఆపరేషన్ అయిన ఆమె సంగతి పక్కన పెట్టినా, షాపులో రోజూ ఈ పని చేసే మా కుర్రాళ్లకి కూడా అది మంచి బరువు కాదు.

నేను మొదట అడిగింది అందరూ అడిగేదే. "డ్రైవర్ని పెట్టుకోవచ్చు కదక్కా?"

"పగలు ఉన్నాడు తమ్ముడూ. రాత్రి రెండింటికి కరెంటు పోయి ఏరియేటర్లు ఆగిపోయాయని కాపలా అతను ఫోన్ చేస్తే, డ్రైవర్ని లేపి, వాడు వచ్చేదాకా నేను కూర్చోవాలా? అప్పటికి రొయ్యలు పైకి తేలతాయి."

రొయ్యలు పెంచేవాళ్లకి ఈ మాట విడమర్చక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెప్తున్నా: నీళ్లలో ఆక్సిజన్ తెల్లవారేముందు అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. పగలు ఎండకి నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు రొయ్యలతో పాటు ఆక్సిజన్ వాడుకుంటుంది. ఆ టైములో నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగి, జనరేటర్ కూడా స్టార్ట్ కాకపోతే నెలల కష్టం తెల్లారేసరికి పోతుంది. అందుకని ఆమె ఒక్కరే, రాత్రిపూట, గుంటల గట్టు మీద కారు నడపాల్సిందే. "ఎవరినైనా సాయం పిలవండి" అనేది ఈ కేసులో జవాబు కాదని అక్కడే తేలిపోయింది.

వచ్చినప్పుడున్న సమస్య

ఆమె మా దగ్గరికి వచ్చింది చక్రం మార్చడం నేర్చుకోవడానికి కాదు, చెడిపోయిన హబ్ మార్పించడానికి. అంతకుముందు ఒక రాత్రి గట్టు మీద తూము సిమెంటు అంచు తగిలి ముందు టైరు సైడ్‌వాల్, అంటే పక్క భాగం, కోసుకుపోయింది. పక్క గుంటల కుర్రాళ్లిద్దరు వచ్చి సాయం చేశారు. చీకట్లో, సెల్‌ఫోన్ లైటులో ఒకరు చక్రం ఎత్తి పట్టుకుంటే ఒకరు బోల్టు తిప్పారు. చక్రం జారి బోల్టు వంకరగా ఎక్కింది. అది బిగుసుకుంటోందనుకుని స్పానర్ మీద ఎక్కి తొక్కారు. హబ్‌లో మర పోయింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. మన రోడ్ల మీద తిరిగే మారుతి, హ్యుండయ్, టయోటా, మహీంద్రా లాంటి కార్లకి ఎక్కువగా హబ్‌కే స్టడ్‌లు, అంటే మర ఉన్న కడ్డీలు, బయటికి పొడుచుకుని ఉంటాయి. చక్రాన్ని వాటి మీద తగిలించేస్తే నిలబడుతుంది, తర్వాత తీరిగ్గా నట్లు బిగించుకోవచ్చు. యూరప్ కార్లలో చాలావాటికి స్టడ్‌లు ఉండవు. హబ్‌లో రంధ్రాలుంటాయి, బోల్టు చక్రంలోంచి వెళ్లి అందులోకి ఎక్కాలి. అంటే మొదటి బోల్టు నాలుగు మరలు పట్టేదాకా చక్రం బరువు మోసేది మనిషే. మధ్యలో హబ్ గుండ్రటి అంచు ఉంటుంది కదా అంటే, అది కొద్ది మిల్లీమీటర్లే బయటికి ఉంటుంది, చక్రం కాస్త కదిలితే జారిపోతుంది. ఆమె పడ్డ కష్టంలో సగం ఈ తేడా వల్లే వచ్చింది. మిగతా సగం మేం కారు చూసేకొద్దీ బయటపడింది.

బోల్టులు విప్పి చూద్దామని టార్క్ రెంచ్ పెట్టాం. తిప్పే బలం మనం పెట్టిన అంకెకి చేరగానే క్లిక్‌మనే స్పానర్ అది. ఆ కారు బుక్కులో ఇచ్చిన బిగింపు 120 న్యూటన్ మీటర్లు. మా రెంచ్ 200 దగ్గర క్లిక్‌మన్నా రెండు బోల్టులు కదల్లేదు. ఎక్కడో ఒక టైర్ల షాపులో గాలి ఒత్తిడితో బోల్టులు బిగించే గన్‌తో కొట్టి వదిలేశారు. లెక్క వేస్తే ఎంత అన్యాయమో తెలుస్తుంది: కారుతో వచ్చే స్పానర్ చేయి 30 సెంటీమీటర్లు ఉంటుంది, దాంతో 120 విప్పాలంటే చివర దాదాపు 40 కిలోల బరువు వేయాలి, 200 విప్పాలంటే దాదాపు 68 కిలోలు కావాలి. ఆమె బరువే 58. ఆమె ఆ స్పానర్ మీద ఎక్కి నిలబడ్డా అది తిరగదు. గన్ పట్టుకునే ప్రతి షాపువాడూ ఈ లెక్క ఒకసారి వేసుకోవాలని నా కోరిక. మనం రెండు సెకన్లు ఎక్కువ నొక్కితే, అర్ధరాత్రి రోడ్డు మీద ఎవరో ఒకరు ఇరుక్కుపోతారు.

బోల్టులు తీసినా చక్రం ఊడి రాలేదు. సముద్రపు గాలి, గుంటల ఉప్పునీళ్లు. అల్లాయ్ అంటే అల్యూమినియం, హబ్ అంటే ఇనుము. రెండూ ఆనుకుని మధ్యలో ఉప్పు తడి చేరితే అల్యూమినియం తినేసినట్టై తెల్లటి పొడి కడుతుంది, ఇనుము తుప్పు పడుతుంది, రెండూ కలిసి కరుచుకుంటాయి. ఇందుకూరుపేట నుంచి కొత్తపట్నం దాకా తీరం వెంట తిరిగే కార్లలో ఇది మేం తరచూ చూసేదే.

ముందుగా ఆలోచించి పక్కన పెట్టినవి

అసలు చక్రమే మార్చకుండా ఉంటే ఎలా ఉంటుంది అన్నది మొదటి ఆలోచన. టైర్లో గాలి చెప్పే సెన్సర్లు, పంక్చర్ కిట్ ఉంటే చిన్న వాహనాలకి స్టెప్నీ అక్కర్లేదని 2020లో కేంద్రం నిబంధన కూడా మార్చింది. గుంటల గట్ల మీద పంక్చర్లు ఎక్కువగా సర్కారు తుమ్మ ముళ్ల వల్లే వస్తాయి. ముల్లు టైరు నడినెత్తిన దిగి విరిగిపోతుంది, గాలి మెల్లగా పోతుంది. దీనికి చక్రం విప్పక్కర్లేదు. కారు పన్నెండు వోల్టుల సాకెట్‌లో పెట్టే చిన్న ఎయిర్ పంపుతో గాలి కొట్టుకుని, షాపు దాకా వచ్చేయొచ్చు. అది వెంటనే కొనిపించాం. దీంతో చక్రం మార్చాల్సిన సందర్భాలే బాగా తగ్గిపోయాయి, ఇది చిన్న విషయం కాదు. కానీ ఆమెకి జరిగింది సైడ్‌వాల్ కోత. దానికి పంపు, పంక్చర్ రంధ్రంలో దూర్చే బత్తీ, టైర్లో పోసే జెల్ ఏదీ పనికిరాదు. అందుకని స్టెప్నీ ఉండాల్సిందే, మార్చడం రావాల్సిందే.

సన్న స్టెప్నీ వేసుకుంటే బరువు తగ్గుతుందని మా కుర్రాడు అన్నాడు. నిజమే, చాలా తగ్గుతుంది. కానీ ఆ సన్న టైరు గుల్లల మట్టిలో దిగబడుతుంది, తడి గట్టు మీద బండి పక్కకి లాగుతుంది. రాత్రిపూట కాలువ పక్కన అలాంటి చక్రంతో ఆమెని పంపడం నాకు ఇష్టం లేకపోయింది. పైగా పోయిన టైరు చక్రం బరువు 24 కిలోలే కదా, దాన్ని విప్పేటప్పుడైనా ఆ బరువు చేతిలో పడాల్సిందే.

బోల్టులు తీసేసి స్టడ్‌లుగా మార్చే కిట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మనసు కొంచెం అటు పోయింది. కానీ ఆ కారు బోల్టు తల కింద భాగం గోళంలా ఉంటుంది, చక్రంలో గుంట కూడా దానికి సరిపోయేలా గోళంగానే ఉంటుంది. దొరికే నట్లలో చాలావరకు కోను ఆకారంవి. ఆకారం కలవకపోతే ఆనే చోటు సన్నటి గీతంతే ఉంటుంది, బిగింపు వదులవుతుంది. ఇంకో బెంగ కూడా ఉంది, ఉప్పు గాలికి స్టడ్, నట్టు కరుచుకుని మొత్తం స్టడ్డే తిరిగి ఊడి వస్తే రోడ్డు మీద ఆమె ఏం చేస్తారు? వద్దనుకున్నాం.

చేసి చూస్తే కుదరనివి

హబ్ కొత్తది వేశాక, షాపు ముందు గచ్చు మీద ఆమె చేతనే చేయించి చూశాం. పక్కన మా కుర్రాడు చేతులు అడ్డం పెట్టుకుని నిలబడేవాడు, బరువు ఆమె మీద పడకుండా.

చిన్న ట్రాలీ జాకీ గచ్చు మీద బ్రహ్మాండంగా పనిచేసింది. అదే గట్టు మీదికి తీసుకెళ్తే దాని బుల్లి చక్రాలు మట్టిలో కూరుకుపోయాయి. ఆ జాకీ పనిచేయాలంటే కారు పైకి లేస్తుంటే అది ముందుకి దొర్లాలి, దొర్లకపోతే తల పక్కకి జారుతుంది. అది ప్రమాదం. షాపుల్లో చక్రాన్ని పెట్టి దొర్లించుకెళ్లే బండి, వీల్ డాలీది కూడా ఇదే కథ, నున్నటి నేల లేకపోతే అది అడ్డమే. గచ్చు మీద కుదిరిందని గట్టు మీద కుదురుతుందనుకోకూడదని తెలిసింది, అందుకే ఆ తర్వాత ప్రతి ప్రయత్నమూ గుంట దగ్గరే చేశాం.

బోల్టులు తిప్పే బ్యాటరీ గన్ గురించి ఆమె తమ్ముడు బాగా పట్టుబట్టాడు. విప్పడానికి మంచిదే. కానీ ఎత్తే బాధని అది తగ్గించదు, పైగా ఎక్కించేటప్పుడు వంకరగా పెట్టి గన్ నొక్కితే మళ్లీ హబ్ పోతుంది. ఈసారి అర సెకనులో పోతుంది. వద్దన్నాను.

తర్వాత గడ్డపార. టైరు కింద దూర్చి, ఒక ఇటుక ముక్క ఆనిక పెట్టి నొక్కితే చక్రం సులువుగా లేచింది. ఇక్కడ అందరం అయిపోయిందనుకున్నాం. కానీ గడ్డపార నొక్కడానికి ఒక చేయి పోయింది, మిగిలిన ఒక్క చేత్తో చక్రం నిలబెట్టాలి, రంధ్రాలు కలపాలి, బోల్టు పెట్టాలి. అసలు రంధ్రాలు కలిశాయో లేదో చూడాలంటే వంగి తల పక్కకి తిప్పాలి, డాక్టర్ సరిగ్గా వద్దన్న భంగిమ. చక్రం తిరిగిపోయి గడ్డపార మీంచి జారింది. కుర్రాడు పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది.

ఆ సాయంత్రం ఆమెకి వ్యాయామాలు చెప్పే ఫిజియోథెరపిస్టుతో ఫోన్లో మాట్లాడాను. ఆయన అడిగిన ప్రశ్న పని దారి మార్చింది: "ఆమె ఈ పనంతా కూర్చుని, వీపు నిటారుగా పెట్టుకుని చేయగలదా? చేతులకి బదులు కాళ్లు వాడగలదా?" అప్పటిదాకా మేం బరువు తగ్గించే దారి వెతుకుతున్నాం. ఆయన అడిగాక, ఆమె రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, చక్రం తనంతట తను నిలబడాలి అన్న రెండు షరతులు పెట్టుకుని మళ్లీ మొదటినుంచి ఆలోచించాం.

పనిచేసినవి

మొదటిది, చక్రాన్ని కారు దగ్గరికి ఎత్తడం మానేసి కారునే చక్రం దగ్గరికి తేవడం. చాలామంది జాకీని వీలైనంత పైకి లేపుతారు, జాగా ఎక్కువుంటే సులువనుకుంటారు. అలా లేపిన ప్రతి అంగుళమూ తర్వాత చేతులతో ఎత్తాల్సిన అంగుళమే. పోయిన టైరు తీశాక స్టెప్నీని దొర్లించుకొచ్చి హబ్ ముందు నిలబెట్టి, చక్రం నడిమి రంధ్రం, హబ్ ఎదురెదురుగా వచ్చేదాకా జాకీని తిప్పుకోవాలి. కొంచెం పైకో, కొంచెం కిందికో. ఒకటిన్నర టన్నుల కారుని మర తిప్పి మిల్లీమీటర్ లెక్కన దించే సాధనం చేతిలోనే ఉండగా, 24 కిలోల చక్రాన్ని చేతులతో ఎందుకు మోయాలి? ఇలా చేస్తే ఎత్తాల్సింది ఒక సెంటీమీటరు, మహా అయితే రెండు.

ఆ సెంటీమీటరుకి కాలి చెక్క. మూడడుగుల టేకు పలక, జానెడు వెడల్పు. ఒక చివరి నుంచి 20 సెంటీమీటర్ల దగ్గర అడుగున ఒక కర్ర ముక్క మేకులతో కొట్టాం. పొట్టి వైపు చక్రం కిందికి, పొడుగు వైపు ఆమె కాలి కిందికి వస్తుంది. అటు 20, ఇటు 70, అంటే మూడున్నర రెట్లు. 24 కిలోలు లేపడానికి పాదంతో ఏడు కిలోలు తొక్కితే చాలు. చక్రం పలక మీదికి దొర్లి ఎక్కడానికి ఆ చివర అంచులు వాలుగా చెక్కించాం. ఆమె చిన్న ప్లాస్టిక్ స్టూల్ మీద కూర్చుంటారు, వీపు నిటారుగా, రెండు చేతులూ టైరు మీద. పాదం తొక్కితే చక్రం లేస్తుంది, వదిలితే దిగుతుంది.

రెండు చేతులూ ఖాళీ అయ్యాయి. చక్రం తనంతట తను నిలబడటానికి పిన్నులు చేయించాం, ఈ కేసంతటికీ ప్రాణం అదే. ఆ కారు బోల్టు 14 మిల్లీమీటర్లది, మర పిచ్, అంటే పక్కపక్క మరల మధ్య దూరం, 1.5 మిల్లీమీటర్లు. అదే మరతో ఉన్న పొడుగు బోల్టులు రెండు తెచ్చి నెల్లూరులో లేత్ షాపులో తలలు కోయించాం. తల పోయిన చివర గుండ్రంగా రాపించి, స్క్రూ డ్రైవర్ పట్టేలా ఒక గాడి పెట్టించాం. వీటిని పై రెండు రంధ్రాల్లోకి వేళ్లతోనే తిప్పి పెడితే హబ్ నుంచి నాలుగైదు అంగుళాలు బయటికి ఉంటాయి. ఇక మేకుకి చొక్కా తగిలించినట్టే: పలక తొక్కి, చక్రం పైభాగాన్ని పిన్నుల మీదికి ఆనించి, మోకాళ్లతో లోపలికి తోస్తే జారుకుంటూ పోయి హబ్‌కి ఆనుతుంది. కాలు తీసేయొచ్చు. చక్రం వేలాడుతూ ఉంటుంది, ఎవరూ పట్టుకోనక్కర్లేదు. మిగిలిన మూడు బోల్టులు తీరిగ్గా వేళ్లతో ఎక్కించుకుని, పిన్నులు తీసి ఆ రెండూ పెట్టుకోవచ్చు.

మొదట ఒక పిన్నే చేయించాం. పని జరిగింది కానీ ఒక్క పిన్ను మీద చక్రం అటూ ఇటూ ఊగుతుంది. కింది రంధ్రాలు నాలుగైదు మిల్లీమీటర్లు పక్కకి పోతాయి, చీకట్లో బోల్టు వేలితో పట్టదు. పట్టకపోతే మనిషికి వెంటనే స్పానర్ అందుకోబుద్ధవుతుంది, వంకరగా ఎక్కేది అప్పుడే. రెండు పిన్నులుంటే చక్రం తిరగదు, మిగతా రంధ్రాలు వాటంతటవే ఎదురుగా నిలబడతాయి. ఖర్చు కొంచెం ఎక్కువైనా అందుకే రెండు ఉండాలంటాను.

పిన్నుల మీద ఒకచోట ఎర్ర రంగు గీత ఉంటుంది. అసలు బోల్టు హబ్‌లోకి ఎంత దిగుతుందో కొలిచి, అంతకంటే తక్కువకి గీత పెట్టాం. దాన్ని దాటి తిప్పకూడదు. పొడుగు బోల్టు లోపలికి ఎక్కువ దిగితే హబ్ వెనకున్న భాగాలకి తగులుతుంది. ఇవి దారి చూపడానికి మాత్రమే, వీటితో బండి అంగుళం కూడా కదపకూడదు.

విప్పడం సంగతి. బోల్టులన్నీ 120కే బిగించి, స్పానర్‌ని 50 సెంటీమీటర్ల దాకా సాగేది ఇచ్చాం. అప్పుడు కావాల్సింది దాదాపు 24 కిలోల ఒత్తిడి, కారుని పట్టుకుని నిలబడి పాదంతో నెమ్మదిగా నొక్కితే సరిపోతుంది. ఇది జాకీ పెట్టకముందే, చక్రం నేల మీద ఉండగానే చేయాలి. ఊడదీయడం కాదు, పట్టు వదిలించడం వరకే. మర మీద గ్రీజు, ఆయిల్ రాయలేదు. రాస్తే అదే రెంచ్ అంకెకి బోల్టు లోపల ఎక్కువ సాగుతుంది, అందుకని మరలు పొడిగానే ఉంచాం. హబ్ ముఖాన్ని, మధ్య అంచుని వైర్ బ్రష్‌తో తళతళలాడేలా రుద్ది ఆ అంచు మీద మాత్రం కరుచుకోకుండా ఉండే పేస్టు పల్చగా పూశాం. అయినా చక్రం రాకపోతే స్టూల్ మీద కూర్చునే మడమతో టైరుని ఒకసారి కుడి అంచున, ఒకసారి ఎడమ అంచున తన్నాలి, బోల్టు ఒకటి రెండు మరల మీద ఉంచే. కారు కింద చేయి గానీ కాలు గానీ పెట్టకూడదు.

ఇక స్టెప్నీ. ఆ కారులో అది డిక్కీ నేల కింద గుంటలో పడుకుని ఉంటుంది. ఒక అంచు పట్టి నిలబెట్టాలన్నా సగం బరువు, అంటే 12 కిలోలు, అదీ పూర్తిగా ముందుకి వంగి. ఆమె నడుముకి అన్నిటికంటే చెడ్డ ఘట్టం నిజానికి ఇదే, రోడ్డు మీద దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఎంత ఆలోచించినా సులువు దారి దొరకలేదు, స్టెప్నీ చోటే మార్చాం. వెనక సీటుకి ఆనించి నిలబెట్టి, డిక్కీలో ఉన్న ఇనుప కొక్కేలకి పిడి ఆడించి బిగించే రాచెట్ బెల్టులు రెండు అడ్డంగా వేసి బిగించాం. సడెన్ బ్రేక్ పడితే 24 కిలోలు మనిషి మీదికి రాకూడదు కదా, అందుకని గట్టిగా బిగించి ఊపి చూశాం, ఆ సీటులో ఎవర్నీ కూర్చోబెట్టొద్దన్నాం. సగం డిక్కీ పోయింది. "మేత బస్తాలు ఆటోలో వేయిస్తాలే" అన్నారామె. బెల్టు వదిలి, పలకని డిక్కీ అంచుకి వాలుగా ఆనించి దొర్లిస్తే చక్రం నేలకి దిగుతుంది. అంటే ఆ పలక రెండు పనులకీ వస్తుంది.

జాకీ కింద అడుగు చదరం మందపాటి చెక్క, లేకపోతే గట్టు మట్టిలో జాకీయే దిగిపోతుంది. ఎదురు మూల చక్రానికి ముందూ వెనకా రాళ్లు. తీసిన చక్రాన్ని భద్రత కోసం కారు కిందికి తోయడం మంచి అలవాటే, నేను అందరికీ చెప్తాను. కానీ పడుకోబెట్టిన చక్రాన్ని ఆమె మళ్లీ లేపాలి కాబట్టి ఈ కేసులో దానికి బదులు ఒక చెక్క దిమ్మె ఇచ్చాం. తలకి కట్టుకునే లైటు కూడా. నోట్లో సెల్‌ఫోన్ పెట్టుకుని బోల్టు వెతికే పని తప్పింది.

తర్వాత ఏమైంది

గుంట దగ్గర పగలు, ఆ తర్వాత చీకటి పడ్డాక ఆమెతో చేయించాం, చివర్లో మా కుర్రాణ్ణి దూరంగా నిలబెట్టి. కొన్నాళ్లకి వానల్లో మళ్లీ ఒక టైరు పక్క భాగం చీలింది, ఈసారి వెనకది. ఆమె ఒక్కరే మార్చుకున్నారు. ముప్పావుగంట పట్టిందట. కుర్రాళ్లకి పదిహేను నిమిషాల పని అది. కానీ మర్నాడు నడుం నొప్పి లేదన్నారు, బోల్టులు చూస్తే అన్నీ నేరుగా ఎక్కి ఉన్నాయి. పొద్దున్నే వచ్చి రెంచ్‌తో బిగింపు చూపించుకుని వెళ్లారు. రోడ్డు మీద వేసిన చక్రాన్ని యాభై, వంద కిలోమీటర్లలోపు ఒకసారి చూపించుకోవాలని మొదటే చెప్పాం.

హైవే మీద మాత్రం ఇదేదీ చేయొద్దని ఆమెకి ఖచ్చితంగా చెప్పాను. టంగుటూరు, ముసునూరు, వెంకటాచలం టోల్ ప్లాజాల మధ్య ఎక్కడ పంక్చరైనా బండిని రోడ్డుకి వీలైనంత ఎడమకి తీసి, తను రెయిలింగ్ అవతల నిలబడి హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయాలి. రాత్రిపూట లారీల పక్కన ముప్పావుగంట స్టూల్ మీద కూర్చోవడం ఎంత మంచి పిన్నులున్నా తెలివైన పని కాదు.

ఆ తర్వాత బోల్టు చక్రాల కార్లవాళ్లు కొందరికి ఇవే పిన్నులు చేయించి ఇచ్చాం. ప్రతి కారుకీ కొలవాల్సిందే. కొన్నిటికి 12 మిల్లీమీటర్లు, కొన్నిటికి 14, పిచ్ కొన్నిటికి 1.5, కొన్నిటికి 1.25. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒకదాని పిన్ను ఇంకోదాంట్లో బలవంతాన తిప్పితే హబ్ పోతుంది. స్టడ్‌లున్న కార్లకి పిన్నులు అక్కర్లేదు, వాళ్లకి పలక ఇచ్చి, జాకీ ఎత్తు చూసుకోవడం నేర్పిస్తే చాలు.

ఈ కేసులో తేలనిది ఒకటుంది. పోయిన చక్రాన్ని తిరిగి డిక్కీలోకి ఎక్కించడం. పలక మీద పైకి తోయాలంటే దాదాపు పదిహేను, పదహారు కిలోల నెట్టుడు కావాలి, ఆమెకి అది కుదరదు. ప్రస్తుతానికి గుంట దగ్గర షెడ్డులో వదిలేసి ఫోన్ చేస్తారు, మావాడు మర్నాడు బండి మీద పోయి తెస్తాడు. డిక్కీ కొక్కేలకి తగిలించి చేత్తో తిప్పితే తాడు చుట్టుకుంటూ బరువు లాగే చిన్న విన్చ్ ఒకటి పెట్టి చూద్దామని అనుకుంటున్నాం. ఆ కొక్కేలు ఎంత లాగుడు తట్టుకుంటాయో తేల్చుకున్నాకే అది మొదలుపెడతాం.